అడ్డాకులో వచ్చిన వాటా

నా జీవితంలో ఏ పుంజు మీదా ఒక్క రూపాయి పందెం కాయలేదు. ఈ మాట చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. అడిగినవాళ్ళకి చెప్పాను, అడగనివాళ్ళని కూర్చోబెట్టి మరీ చెప్పాను. అప్పుడంతా మా ఆవిడ పక్కనే ఉండి బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. సంతరోజు సాయంత్రం మా గుమ్మంలోకి అడ్డాకు పొట్లంలో ఏం వచ్చేదో ఆమెకు బాగా తెలుసు. దాన్ని కడిగి పొయ్యి మీద పెట్టింది ఆమే కదా.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరందుల్ రైలు లైనులో గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ మాట్లాడుతూ పెరిగాను. గోండి, దోర్లీ పశువుల వల్ల వచ్చాయి. ఎద్దుకు ఎక్కడ నొప్పో ఎద్దు చెప్పదు కాబట్టి దాని యజమాని భాష నేర్చుకోక తప్పలేదు.

ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా, వాకిట్లో పశువును నిలబెట్టి పరీక్ష చేసే ఇనప చట్రం. డాక్టరు గారు వారానికి ఒకసారి జీపులో వచ్చేవారు, అదీ జీపు బురదలో దిగబడని వారాల్లో. మిగిలిన రోజుల్లో నేనే డాక్టర్ని. పైన కొండ మీద ఇనప రాయి గని, కింద మేము. వానాకాలం వాగు ఎర్రగా పారేది. ఊళ్ళో పిల్లల తెల్ల చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా ఇటుక రంగులోనే ఉండేవి.

కోడి పందేలు గని తెచ్చినవి కావు. గని రాకముందు కూడా ఉండేవని ముసలివాళ్ళు చెప్పేవారు. ఓడితే పుంజు పోయేది, ఒక కుండ ఇప్ప సారా పోయేది, మనిషి నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు. గని వచ్చాక కూలి డబ్బు వారం వారం చేతిలో పడటం మొదలైంది. ఆ చెయ్యి ఎప్పుడు నిండుతుందో చూసుకుని లారీలవాళ్ళు, టౌన్‌షిప్ వాళ్ళు, ఎక్కడెక్కడి పశువుల బేరగాళ్ళో సంతకి వచ్చేవారు. కూలి ఇచ్చేదీ సంత జరిగేదీ ఒకే రోజు, బుధవారం. ఇది ఎవరి తెలివో నాకు ఇప్పటికీ తెలియదు. తెలివైన వాడిదే అయి ఉంటుంది.

కత్తి దెబ్బ తిన్న పుంజుల్ని నా దగ్గరికి తెచ్చేవారు. నా కుట్టు సన్నం. నల్ల పట్టుదారంతో లోపల కండకు రెండు కుట్లు, పైన తోలుకు నాలుగో అయిదో. ఆ రెక్క మళ్ళీ లేచి కొట్టుకుంటే నాకు ఒళ్ళు పులకరించేది. నా చేతి కుట్టు పడ్డ పుంజుకు బరిలో విలువ పెరిగేది. "కాంపౌండర్ ముట్టుకున్న పుంజు" అని అరిచి పందెం కాసేవారట. నేను బరి దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు, అది నా నియమం. పందెంరోజు పొద్దున ఏదైనా పుంజు కొంచెం కుంటుతుంటే నొప్పి తెలియకుండా సూది వేసేవాణ్ణి. అదీ వైద్యమే అనుకున్నాను.

ఓడిన పుంజు గెలిచినవాడిది, అది ఇక్కడి ఆనవాయితీ. గెలిచినవాడు దాన్ని మంట మీద కాల్చి, కోసి, కత్తి కట్టినవాడికి ఒక ముక్క పంపేవాడు. పోగాపోగా కాంపౌండర్‌కీ ఒక ముక్క రావడం మొదలైంది. ఎక్కువగా తొడ ముక్క, అడ్డాకులో చుట్టి, నారతో కట్టి. ఎవరు గెలిచినా వచ్చేది. అన్ని పక్షాల నుంచీ వస్తోంది కాబట్టి నేను ఏ పక్షమూ కాదని అనుకునేవాణ్ణి. ఇంత తెలివితక్కువ లెక్క వేసుకుని పదేళ్ళు హాయిగా నిద్రపోయానంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఈ లెక్క తప్పని నాకు తెలియజెప్పిన ఆడమనిషిని మొదట చూసింది ఒక వానాకాలం పొద్దున. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. "డాక్టరన్నా, మా ఆవు నిన్నటి సంది ఈనలేక పడి ఉంది" అంది. తెలుగు విని ఆశ్చర్యపోయాను. దోర్ల తెగవాళ్ళట, తెలుగు నేలకు దగ్గరగా బాసగూడ వైపు. భర్తకు గనిలో కాంట్రాక్టరు కింద రాళ్ళు ఏరే కూలి దొరికితే ఇటు వచ్చారు. కొండ కింద ఆమె మేనత్తకు రెండు చెక్కల పొలం ఉంటే ఈమె సాగు చేస్తోంది.

ఆ రోజు బురదలో బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి దూడను లాగాను. దూడ వచ్చింది, ఆవు పోయింది. తల్లి లేని దూడ, అడ్డం తిరిగి పుట్టింది, కళ్ళు తేలేసింది. "ఇది బతకదమ్మా" అన్నాను. ఆమె నా మాట విన్నట్టే లేదు. కొంగుతో దాని ముక్కు తుడిచి, భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గంజి, రాగి అంబలి, పక్కింటి మేక పాలు, ఏం పోసి బతికించిందో గానీ మూడో ఏడు కాడి కింద నిలబడింది. సంతలో ఇంకో గిత్తను కొని ఎడమ పక్క దాపట కట్టింది, ఇది కుడి పక్క వలపట. ఆ జతతో తన పొలం దున్నుకుని, అడిగినవాళ్ళ పొలం దున్ని గింజలు తెచ్చుకునేది.

అప్పటి నుంచి నేను అన్నని. సంతకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళేది. మా ఆవిడ "ఏటి" అంటే తను "ఏంది" అనేది, ఇద్దరూ ఒకరి మాట ఒకరు వెక్కిరించుకుని నవ్వుకునేవారు. పగలంతా ఒక్కతే ఉండే మా ఆవిడకు ఈ అడవిలో ఆ నవ్వు పెద్ద ఆసరా.

ఆమె భర్త మంచివాడు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. భార్య మీద చెయ్యెత్తడం, నోరు జారడం ఎవరూ చూడలేదు. సన్నటి మనిషి, మాట కూడా సన్నమే. కానీ మంగళవారం వచ్చేసరికి అతనికి అన్నం సయించేది కాదు. బుధవారం పొద్దున పుంజును చంకలో పెట్టుకుని, దారిపొడుగునా దానితో మాట్లాడుతూ వచ్చేవాడు. సాయంత్రం ఓడి మా వరండాలో కూర్చుని ఏడ్చేవాడు, ఇంక ముట్టుకోనని మా ఆవిడ పెట్టిన అన్నం మీద ఒట్టు పెట్టేవాడు. ఆ ఒట్టు దొంగ ఒట్టు కాదు. గురువారం, శుక్రవారం నిజంగానే ఉండేది. ఇంట్లో ఇత్తడి గుండిగ పోయింది, ఆమె మెడలో వెండి కంటె పోయింది, మేకలు పోయాయి. నేను పెద్దన్నలాగా కూర్చోబెట్టి తిట్టేవాణ్ణి. తిట్టడం అయ్యాక, చంకలోని పుంజును ఇలా ఇమ్మని కుట్టేవాణ్ణి.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"అన్నా, రేపు మా ఆయన ఎద్దును పెడతడంట. వలపటిది."

పశువుల బేరగాడొకడు ప్రతి సంతకూ వచ్చేవాడు. వాడు తన ఎద్దును పందెంలో పెడతానన్నాడట, గెలిస్తే మూడో ఎద్దు వస్తుంది, దాన్ని అమ్మితే పోయిన కంటె, మేకలు అన్నీ తిరిగి వస్తాయని ఆమె భర్త మాట ఇచ్చేశాడట.

"నేను చెప్తే వింటలేడు. నీ మాటంటే ఆయనకు గురి. పుంజు కాలు పనికిరాదని జెర చెప్పన్నా. నువ్వు చెప్తే ఆగుతడు."

ఆ పుంజు తొడ నేను నెల కిందట కుట్టిందే. వారం కిందట చూసినప్పుడు బాగానే నడిచింది.

"బాగున్నదాన్ని బాగులేదని ఎలాగ చెప్తానమ్మా?" అన్నాను. "ఇయ్యాల నీకోసం ఒక అబద్ధం చెప్తే రేపు ఇంకొకడికోసం ఇంకోటి చెప్పమంటారు. నా మాటకి విలువేటి ఉంటది?"

"మంచి కోసమే గదన్నా."

"ఎందుకోసమైనా అబద్ధం అబద్ధమేనమ్మా."

ఆమె గ్లాసు తీసుకుని నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"ఒక్క మాటే కదండీ అడిగింది. చెప్పేస్తే మీ సొమ్మేటి పోద్ది?"

"నా పని సంగతి నీకేటి తెలుసు" అని కసిరాను. వృత్తి, నీతి, నమ్మకం అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. నా గొంతు నాకే చాలా బాగుందనిపించింది ఆ రోజు.

తెల్లారి బుధవారం. వరండాలో అయిదారుగురు పుంజులతో కూర్చుని ఉన్నారు. అతను మూడోవాడు. అతని వంతు రాగానే పుంజును కిందికి దించాడు. నాలుగు అడుగులు వేసింది. అయిదో అడుగుకి కుట్టిన కాలు కొంచెం, చాలా కొంచెం, ఈడ్చింది. నేను చూశాను. నేను చూడటం అతను చూశాడు.

"అన్నా, సూది ఏస్తవా?"

పైన తోలు మానింది గానీ లోపల కండ అతకలేదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ముందురోజు ఆమె నన్ను ఏ మాట అడిగిందో అదే ఇప్పుడు నిజమై నా కాళ్ళ ముందు నడుస్తోంది. ఇవాళ వద్దు, కాలు పనికిరాదు అనడానికి నాకు అబద్ధం కూడా అక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు.

నోరు తెరవలేదు. వరండాలో మిగతావాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. ఈ పుంజు కుంటుతోందంటే నా కుట్టు నిలవలేదన్నమాట. కాంపౌండర్ చెయ్యి తప్పిందని సాయంత్రానికి సంతంతా పాకిపోతుంది. దీన్ని నేను ఆ పొద్దున ఇంత వివరంగా ఆలోచించానని చెప్పను. చెయ్యి దానంతట అది సిరంజిలోకి మందు లాగింది, రోజూ లాగినట్టే. సూది దిగింది. కాసేపటికి పుంజు రెండు కాళ్ళ మీద సమంగా నిలబడి, మెడ చాచి కూసింది. అతని మొహం వెలిగిపోయింది. నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వద్దన్నాను.

మధ్యాహ్నం సంత వైపు నుంచి ఎప్పటిలాగే అరుపులు వినిపించాయి. నేను మందుల అల్మారా సర్దుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకు ఒక ముసలాయన వచ్చి అడ్డాకు పొట్లం గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ఎవరు గెలిచారని నేను అడగలేదు, ఏనాడూ అడగలేదు. మా ఆవిడ పొట్లం విప్పి ముక్క కడుగుతోంది. ఉన్నట్టుండి నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఏటండీ ఇది? మాంసంలో దారం ఉంది."

వెళ్ళి చూశాను. కాలిన తోలు కింద, తొడ కండలో, నల్ల పట్టుదారం. రెండు కుట్లు. ఒక్కో ముడికి మూడు మెలికలు. ఈ చుట్టుపక్కల అలా మూడు మెలికలు వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక కుట్టు దగ్గర కండ చీలి దారం ఊడి వేళ్ళాడుతోంది. ఎగిరినప్పుడు తెగిన కండ. నొప్పి తెలిసుంటే ఆ కాలు మీద అంత బలంగా ఎగిరేది కాదు.

ఓడిందెవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"వండకు" అన్నాను. "దీనిలో సూదిమందు ఉంది."

"ఇన్నాళ్ళూ ఉండేది కాదా?" అంది మా ఆవిడ. నేను ముక్కను తీసుకెళ్ళి పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. ఆ పూట పచ్చడి మెతుకులు పెట్టుకుని కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నాక ఆమె "ఎద్దు పోయిందా?" అని మెల్లగా అడిగింది. పోయిందన్నాను. ఆమె కంచం పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నా మీద అరిచినా బాగుండేది.

మర్నాడు ఆసుపత్రి తలుపు తీసేసరికే బేరగాడు వాకిట్లో ఉన్నాడు. జిల్లా దాటించే పశువుకు ఆరోగ్యంగా ఉందని ఆసుపత్రి కాగితం కావాలి, దాని మీద నా సంతకం, గుండ్రటి ముద్ర. వాడి మనుషులిద్దరు వలపటెద్దును కొత్త తాడుతో పట్టుకున్నారు. పది అడుగుల వెనక ఆమె నిలబడి ఉంది. భర్త రాలేదు. ఇంట్లో మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడని తర్వాత తెలిసింది.

ఎద్దు చట్రంలోకి వెళ్ళనని మొండికేసింది. ఇద్దరూ లాగారు, తోక మెలిపెట్టారు, ఒకడు కర్ర ఎత్తాడు. ఆమె వచ్చి దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. అది నిమ్మళించి చట్రంలోకి నడిచి నిలబడింది.

పళ్ళు చూశాను. నాలుక, కళ్ళు, గిట్టలు చూశాను. జ్వరం చూశాను. అబద్ధం చెప్పనని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, ఆ పశువు ఒంటి మీద ఎక్కడైనా ఒక్క రోగం దొరుకుతుందేమోనని అణువణువూ వెతికాను. దొరకలేదు. అంత బాగా పెంచింది. కాగితం తీసి కలం పట్టుకుని, వాడికి వినబడకుండా తెలుగులో అన్నాను.

"బాగులేదని రాసేస్తాను, చెల్లీ."

అంతవరకు ఆమెను అమ్మా అనేవాణ్ణి. చెల్లీ అని పిలవడం అదే మొదలు. ఆమె ఎద్దు నుదుటి మీది చెయ్యి తియ్యకుండానే నా వైపు చూసింది. ఆ కళ్ళలో కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి.

"నిన్న పుంజుకు సూది ఏసినవంట గదన్నా. కాలు నొస్తుందని దానికే తెల్వకుండ చేసినవు. ముందురోజేమో అబద్ధం చెప్పనంటివి."

నేను కాగితం వైపు చూస్తూ కలం విదిలించాను.

"ఇప్పుడు రోగమని రాస్తే వీడు నాకు తిరిగిస్తడా? ఇయ్యడు. దొంగతనంగ తోలుకపోతడు, అడివిల పడి. రోగం పశువని గడ్డి గూడ ఎయ్యరు. బాగుందనే రాయి. నీళ్ళన్న పెడతరు దారిల."

రాశాను. ఆరోగ్యంగా ఉంది అని రాసి సంతకం పెట్టి ముద్ర కొట్టాను. నా ఉద్యోగంలో అంతకన్నా నిజమైన కాగితం ఇంకోటి రాసి ఉండను. ఆమె చెయ్యి తీసింది. ఎద్దు ఆమె వెంట వెళ్ళబోయి తాడు బిగిసి ఆగింది.

ఆ తర్వాత నేను పందెం పుంజుల్ని ముట్టుకోలేదు. వరండాలో కూర్చున్నవాళ్ళు బతిమాలారు, తిట్టారు, ఇంత మిడిసిపాటు ఎప్పటి నుంచని అడిగారు. చివరికి బట్టలు కుట్టే దారంతో ఎవరికివారు కుట్టుకోవడం మొదలుపెట్టారు. పుంజులు చీము పట్టి చచ్చాయి. పందేలు మాత్రం ఒక్క బుధవారం కూడా ఆగలేదు. నేను తప్పుకున్నందువల్ల ఎవరూ బాగుపడలేదు, ఈ సంగతి కూడా దాచను. అతను ఆ వేసవిలో గోదావరి అవతలికి మిరప కోతకు వెళ్ళాడు. అక్కడా పందేలు ఉంటాయని అందరికీ తెలుసు. తిరిగి రాగా నేను చూడలేదు.

ఆమె మళ్ళీ మా ఇంటికి నీళ్ళకు రాలేదు. మా ఆవిడ సంతరోజు గుమ్మంలో కూర్చుని దారి చూసేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది.

తర్వాతి వానాకాలంలో చుట్టుపక్కల ఊళ్ళలో పశువులకు గాలికుంటు రోగం వచ్చింది. ఒక పొద్దున నేను వరండాలో నిలబడి ఉండగా ఆమె రోడ్డు మీద కనబడింది. దాపటెద్దును తోలుకుని వస్తోంది. దాని నోటి నుంచి చొంగ కారుతోంది, గిట్టలు పుండ్లు పడి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది. ఇటే వస్తోందనుకుని లోపలికి పరిగెత్తి మందు నీళ్ళ బకెట్టు తెచ్చి చట్రం దగ్గర పెట్టాను.

ఆమె మా గేటు దాకా వచ్చింది. ఆగలేదు. తర్వాతి ఆసుపత్రి పొద్దుగూకే దాకా నడిస్తే గానీ రాదు, ఆ కాళ్ళతో ఎద్దు అంత దూరం నడవదు. అది నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

"చెల్లీ" అని పిలిచాను. విన్నది, పలుపు మీద ఆమె పిడికిలి బిగుసుకోవడం చూశాను. తల తిప్పలేదు. ఎద్దు కుంటుతుంటే దాని నడకకు సరిగ్గా తన నడక తగ్గించుకుని, వానలో మలుపు దాకా మెల్లగా వెళ్ళింది. నేను బకెట్టు పక్కన నిలబడే ఉన్నాను. ఆమెకు కావలసిన మందు మా అల్మారాలో ఉంది.